తిరగేసిన తరగతి, మస్తాన్ ఆటో

నాలుగేళ్ల కిందట జూన్‌లో, ఉదయగిరిలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో పదో తరగతికి ఫిజిక్స్ చెప్పడానికి రెండోసారి చేరాను. మొదటిసారి పెళ్లికి ముందు చేరి కాన్పుకు మానేశాను. రెండోసారి చేరేనాటికి మా పాపకు ఎనిమిదో నెల. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఉద్యోగం పూర్తిగా మానేసి ఏడాది దాటింది. ఈ వయసుకే రిటైరయ్యావని మా ఆయన ఎగతాళి చేస్తారు. పిల్లలు పడుకున్నాక, చిన్నవాడి ఒళ్లు వెచ్చగా ఉందేమోనని మధ్యమధ్యలో లేచి చూసుకుంటూ ఇది రాస్తున్నాను. టీచరు పనిలో బయటికి కనపడని భాగం చాలా ఉంటుంది. అందులో ఒక సంగతి చెబుతాను.

మా బడికి హెడ్డాఫీసు ఆత్మకూరులో ఉండేది. యజమానిని కరస్పాండెంట్ అంటారు. ఆయన తర్వాతివాడు అకడమిక్ ఇన్‌చార్జి. ఏ పాఠం ఎప్పుడు, ఎలా చెప్పాలో నిర్ణయించేది ఆయన. మా ఇన్‌చార్జి గారు చదివింది కామర్స్. మనిషి మంచివారే గాని, ప్రతి వేసవిలోనూ ఏదో ఒక శిక్షణకు వెళ్లి కొత్త పద్ధతి ఒకటి పట్టుకొచ్చేవారు. అంతకు ముందు ఏడాది పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టమన్నారట. మా గదులు సన్నగా, పొడుగ్గా ఉండడంతో ఆ గుండ్రం కోడిగుడ్డులా తయారైందని పాత టీచర్లు చెప్పారు.

ఆ ఏడాది ఆయన తెచ్చింది ఫ్లిప్‌డ్ క్లాస్‌రూమ్. తెలుగులో తిరగేసిన తరగతి అనుకోవచ్చు. మామూలుగా పాఠం బడిలో చెప్పి, లెక్కలు ఇంట్లో చేసుకు రమ్మంటాం. ఈ పద్ధతిలో పాఠాన్ని వీడియో తీసి ఇంటికి పంపాలి. పిల్లలు ఇంట్లో చూసి వస్తారు. ఇంట్లో చేయాల్సిన లెక్కలు, బొమ్మలు, ప్రయోగాలు బడిలో టీచరు ముందు చేస్తారు. వినగానే నాకు నచ్చింది. పిల్లవాడు చిక్కుకుపోయేది లెక్క దగ్గర. ఆ సమయంలో ఇంట్లో అడగడానికి ఎవరూ ఉండరు. అర్థం కాకపోతే వీడియోను వెనక్కి తిప్పి మళ్లీ వినొచ్చు, నన్ను తిప్పలేరు కదా.

ఈ పద్ధతి వివరించడానికి పెట్టిన మీటింగులోనే ఇంకో మాట కూడా చెప్పారు. ఉదయగిరిలో పదో తరగతి పిల్లలు తక్కువగా ఉన్నారని, కొత్త పద్ధతి ఇక్కడ నడవకపోతే దసరా తర్వాత ఈ సెక్షన్‌ను ఆత్మకూరులో కలిపేస్తామని. ఆగస్టులో ఆయనే స్వయంగా వచ్చి డెమో చూస్తారు. డెమో అంటే పైవాళ్లు వెనక బెంచీలో కూర్చోగా చెప్పే క్లాసు.

ఈ మాట మా నస్రీన్ మీద పిడుగులా పడింది. నస్రీన్ ఆటో డ్రైవర్ మస్తాన్ కూతురు. తరగతిలో నోరు విప్పని పిల్ల. వాళ్ల నాయన మర్నాడే బడికొచ్చి, ఉన్నమాట దాచకుండా చెప్పేశాడు.

"ఆత్మకూరుకైతే నేను పంపను మేడం. దినామూ అంతదూరం బస్సుల్లో ఆడపిల్లని తిప్పేదానికి నాకు ధైర్యం లేదు. ఈడ ఉంటే చదివిస్తా. లేదంటే వాళ్ల పిన్ని దగ్గర కూర్చోని చెక్క గరిటెలు చెక్కుద్ది."

గరిటెలు చెక్కడం ఉదయగిరిలో తక్కువ పనేమీ కాదు. కానీ నస్రీన్ తల వంచుకుని తండ్రి చెప్పుల వైపే చూస్తూ నిలబడింది. ఆ డెమో నా ఉద్యోగానికంటే ఆ పిల్లకే ఎక్కువ అవసరమని నాకప్పుడే అర్థమైంది.

వీడియోలు మా వంటింట్లో తీసేదాన్ని. ఇంట్లో వెలుతురున్న గోడ అదొక్కటే. ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి, గోడకు కట్టిన చిన్న బోర్డు మీద రాస్తూ చెప్పేదాన్ని. పాప నిద్రపోయినప్పుడే తీయాలి. పాప నిద్ర, పాఠం ఒకే సమయానికి ముగిసేవి కావు. లెన్సు పాఠం సగంలో ఉండగా పాప ఏడుపు, వెనకనుంచి మా అత్తయ్య గొంతు, "పాలు పొంగతా ఉండాయమ్మే, ఆ పొయ్యి కట్టెయ్యి!" అన్నీ రికార్డయ్యేవి. మళ్లీ మొదటినుంచి తీసే ఓపిక లేక అలాగే పంపేదాన్ని. వీడియో తీసేటప్పుడు టీచరుకు పిల్లల ముఖాలు కనపడవు. పిల్లల కనుబొమ్మలు ముడిపడితేనే ఆగి మళ్లీ చెబుతాం. పప్పు డబ్బాకు కనుబొమ్మలు ఉండవు.

మొదటి రెండు వారాల్లో నేను గమనించినవి రెండు. ఒకటి, ఆత్మకూరు రోడ్డు మీది పల్లెల నుంచి మస్తాన్ ఆటోలో వచ్చే పిల్లలు రోజూ ఆలస్యంగా వస్తున్నారు. రెండు, వీడియో చూశారా అని అడిగితే వాళ్లంతా ఒకే గొంతుతో "విన్నాం మేడం" అంటున్నారు.

ఒకరోజు గేటు దగ్గర నిలబడ్డాను. ఆటో కంటే ముందు నా గొంతు వచ్చింది. "ఇదిగో చూడండి, ఇది ఇక్కడి నుంచి ఇలా వస్తుంది. ఇక్కడ తగిలి ఇలా వంగుతుంది." వెనకాలే పాప ఏడుపు. ఆ వెనకాల ఆటో.

కారణం మస్తాన్ చెప్పాడు. ఆ పల్లెల్లో తెల్లారేసరికి ఇంటికున్న ఒక్క ఫోన్ నాయనతో పాటు చేలోకి పోతుంది. సాయంత్రం వస్తే చార్జింగు ఉండదు, చార్జింగుంటే సిగ్నల్ ఉండదు. అందుకని పిల్లలంతా మస్తాన్‌ను బతిమాలారు. అతను రాత్రే టౌన్లో వీడియో దించుకుని, నస్రీన్ పడుకున్నాక ఇల్లు చేరి, పొద్దున ఆటో స్పీకర్లో పెట్టేవాడు. ఫోన్ హ్యాండిల్ దగ్గర ఉంటుంది, స్పీకర్ వెనక ఉంటుంది. బొమ్మ ఎవరికీ కనపడదు. నువ్వు మాత్రం చూడొద్దు, రోడ్డు చూడు అని గట్టిగా చెప్పాను.

"నేనెందుకు చూస్తా మేడం, నాకేం పరీక్షా?" అన్నాడు.

మరి ఆలస్యం ఎందుకని అడిగాను. దారి పొట్టి, పాఠం పొడుగు అన్నాడు. పాఠం అయ్యేదాకా మెల్లగా నడుపుతున్నాడట. అదీ చాలకపోతే పాఠం ముగిసేదాకా బస్టాండు చుట్టూ తిప్పుతున్నాడట. అంటే బడిలో పాఠం వినే సమయం మిగల్చడానికి కనిపెట్టిన పద్ధతి వల్ల, పాఠం వింటూ పిల్లలు వేళకు బడికే రాలేకపోతున్నారు.

ఆటోలో పిల్లలే కాదు, పెద్దలూ ఎక్కుతారు. అనుమసముద్రంపేట దర్గాకు పోవడానికి టౌన్లో బస్సు పట్టుకోవలసినవాళ్లు, సంతకు పోయేవాళ్లు, ఆసుపత్రికి పోయేవాళ్లు. వాళ్లకూ నా పాఠం తప్పలేదు. వాళ్లలో ఆదెమ్మవ్వ అని ఒకావిడ మోకాళ్లకు ఇంజెక్షన్లు చేయించుకోవడానికి తరచుగా టౌనుకు వచ్చేది. ఒకరోజు బజారులో నన్ను గొంతును బట్టి గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది.

"నువ్వేనా పాఠాల పిల్లవి? నీ బిడ్డకి జలుబు తగ్గినాదా? మీ అత్త చెప్పినట్టు వాము వెయ్యి. అది సరేగాని, వచ్చేదేందో, వంగేదేందో చెప్పవేంది నువ్వు? మా ఆటోలో దినామూ కొట్లాటే. కాలవ నీళ్లని నేనంటా. కాదు, ఘాట్ రోడ్డులో లారీ అంటాడు ఆ సిమెంటు కొట్టు సుబ్బారాయుడు."

కాంతి అవ్వా, వెలుతురు అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

"వెలుతురు యాడన్నా వంగుద్దంటే, తల్లీ? నిద్ర చాలక నీకట్టా అనిపిస్తా ఉండాదేమో."

మర్నాడు క్లాసులో పిల్లలను పాఠంలోని బొమ్మ గీయమన్నాను. లెన్సు మధ్యలో ఉబ్బుగా, అంచుల్లో సన్నగా ఉంటుందని వీడియోలో చెప్పాను. ఒకడు పొంగిన పూరీ గీశాడు. ఇంకొకడు తూము గీశాడు. నస్రీన్ చెక్క గరిటె గీసి, గరిటె మీదుగా వంపు తిరుగుతున్న బస్సును గీసింది. బస్సు ముందర బోర్డు కూడా రాసింది. నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాను. ఇదేంటని అడిగితే, అంతవరకు క్లాసులో పెదవి కదపని పిల్ల లేచి నన్నే నిలదీసింది. "మీరు ఇది, ఇది అంటా ఉంటే మేం ఏదనుకోవాల మేడం? గరిటెలో తగిలి ఎందుకు వంగుద్దో దారంతా ఆలోచించినాను, తెలీలా."

అప్పటిదాకా నేను బోర్డు మీద గీస్తే వాళ్లు చూసి గీసేవాళ్లు. ఎవరికీ ఒక్క అనుమానమూ వచ్చేది కాదు. ఇప్పుడు తరగతిలో ఎన్ని తలలుంటే అన్ని లెన్సులు ఉన్నాయి. వంగేది వెలుతురని చెప్పినా, ఎవరి లెన్సును వాళ్లు వదులుకోవడానికి సిద్ధంగా లేరు. డెమోకు లెన్సు పాఠమే మళ్లీ పెట్టుకుని అదే వీడియో పంపాను గాని, ఈ సంగతి అక్కడ ఎలా చూపించాలో మాత్రం నాకు పాలుపోలేదు. ప్రిన్సిపాల్ గారు ఆటో సంగతి బయటపడకుండా చూడమన్నారు. ఇంటి దగ్గర చూసి వచ్చామని చెప్పమని పిల్లలకు రెండు రోజులు తర్ఫీదు ఇచ్చారు.

డెమో రోజు రానే వచ్చింది. టైము దాటినా ఇన్‌చార్జి గారు రాలేదు, ఆటో పిల్లలూ రాలేదు. వరండాలో ప్రిన్సిపాల్ గారు, నేను నిలబడి ఉండగా ఆటో వచ్చి ఆగింది. పిల్లలు దిగారు. అవ్వ దిగింది. ఆమె పక్కనుంచి, చేతిలో ఎవరిదో కూరగాయల సంచితో, ఇన్‌చార్జి గారు దిగారు.

ఆత్మకూరు రోడ్డులో ఆయన కారు టైరు పగిలిందట. చెయ్యెత్తితే మస్తాన్ ఆపాడు. ఎక్కినాయన ఎవరో ఎవరికీ తెలియదు. ఆయన ఎక్కగానే, ఈ గోల ఆపవయ్యా అన్నారట. అవ్వ ఆయన మోచేతిని పొడిచి, "ఉండు నాయనా, ఇప్పుడే వంగతా ఉండాది" అందట. ఆయన కూడా స్పీకర్ వైపు చెవి ఒగ్గారట. తర్వాత బస్టాండు చుట్టూ తిప్పుతుంటే ఎందుకని అడగనూ లేదట. ఇవన్నీ నస్రీన్ తర్వాత చెప్పింది.

ఆయన కోపంగా ఉంటారనుకున్నాను. ఆయన మాత్రం అవ్వతో వాదిస్తూ వరండా ఎక్కారు. నీళ్లంటే ఆయన ఒప్పుకోవడం లేదు. లారీ అయితే కానే కాదట. వస్తువు అద్దంలో కనపడే తీరు గురించి అని ఆయన వాదన. సంగతి తేలేదాకా వెళ్లనని అవ్వ, కట్టు కట్టిన మోకాళ్లతో వెనక బెంచీలో ఆయన పక్కనే కూర్చుంది. ప్రిన్సిపాల్ గారు కళ్లు మూసుకున్నారు.

నేను తయారు చేసుకున్న డెమో వదిలేశాను. పిల్లలతో పాటు వెనక బెంచీలో ఉన్న ఇద్దరికీ తలా ఒక కాగితం ఇచ్చి, విన్నది గీయమన్నాను. తర్వాత కిటికీకి ఎదురుగా ఒక తెల్ల అట్ట పట్టుకోమని నస్రీన్‌కు చెప్పి, మధ్యలో లెన్సు పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపాను. మసకగా ఉన్నది ఒకచోట తేటపడింది. కిటికీలోంచి కనపడే ఉదయగిరి కొండ, కోట గోడలతో సహా, అట్ట మీద తలకిందులుగా నిలబడింది. కింద ఆకాశం, పైన కొండ.

"కొండ బోర్లా పడిందేందమ్మే!" అంది అవ్వ.

అట్ట తిరగేసి పట్టుకుందని ఇన్‌చార్జి గారు అన్నారు. నస్రీన్ అట్టను ఆ చివర ఈ చివరగా తిప్పి చూపింది. కొండ మళ్లీ తలకిందులే. ఆయన లేచొచ్చి స్వయంగా తిప్పారు. అంతే. అప్పుడు నస్రీన్, మాట తడబడకుండా, "సార్, కొండ పైనుంచి వచ్చే వెలుతురు వంగి కిందికి పోతా ఉండాది. కింద నుంచి వచ్చేది పైకి పోతా ఉండాది. వంగేది బస్సు కాదు సార్, వెలుతురు" అని, తన గరిటె బొమ్మ పక్కనే గీతలు గీసి చూపించింది. ఆ గీతలు సరిగ్గా ఉన్నాయి. పిల్లలంతా తమ పూరీలు, తూములు కొట్టేసి మళ్లీ గీశారు. ఇన్‌చార్జి గారు కూడా గీశారు. అవ్వ మాత్రం తన కాగితంలోని కాలవను కొట్టెయ్యలేదు. నీళ్లు కూడా అట్లాగే వంగుతాయని అంది.

సెక్షన్ ఉదయగిరిలోనే ఉండనిచ్చారు. నస్రీన్ ఇక్కడే పదో తరగతి పాసై, ఇక్కడే ఇంటర్లో చేరింది. మస్తాన్ స్వీట్ల పొట్లం తెచ్చాడు. ఇన్‌చార్జి గారు చేసిన ఇంకో పని గురించి కూడా చెప్పాలి. మా విజయానికి కారణం ఆటో అని ఆయన తేల్చుకున్నారు. ఆత్మకూరులో పిల్లలందరికీ ఇంట్లో ఫోన్లున్నా, బడి బస్సులన్నింటిలో స్పీకర్లు బిగించి పాఠాలు వేయమని సర్క్యులర్ పంపారు. దసరా దాకా కెమిస్ట్రీ సమీకరణాలు వినిపించాయట. తర్వాత డ్రైవర్లు సినిమా పాటలకు మార్చేశారు.

ఆ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇది. తరగతిని తిరగేస్తే బడిలో చేతులతో చేసి చూడడానికి సమయం దొరుకుతుంది, అది నిజమైన లాభం. కానీ ఇంటికి పంపిన పాఠం ఇంటికే చేరుతుందని అనుకోకూడదు. ఎక్కడ, ఎవరి మధ్య, ఏ రూపంలో చేరుతోందో టీచరు ముందుగా కనుక్కోవాలి. పిల్లలు తప్పుగా ఊహించుకొస్తే నష్టమేమీ లేదు, ఆ ఊహను బయటపెట్టించే క్లాసు మర్నాడు ఉన్నంతవరకు. ఆ క్లాసు లేకపోతే గరిటె గరిటెగానే మిగిలిపోతుంది.

తర్వాత తీసిన ప్రతి వీడియోనూ పంపే ముందు కళ్లు మూసుకుని ఒకసారి విన్నాను. బొమ్మ లేకుండా అర్థం కాని చోట, ఇది అనకుండా పేరు పెట్టి మళ్లీ చెప్పాను. అత్తయ్య గొంతు మాత్రం తీసెయ్యలేదు. తీసేస్తే అవ్వ అడుగుతుంది.