భుజం మీద చెయ్యి

వీరేందర్ సార్ క్లాసులో ఒక మాట నిషేధం. ఫొటో చూసి "బాగుంది" అనకూడదు. గోడ మీద బొమ్మ వేసి ఏం కనిపిస్తోందని అడుగుతాడు. ఎవరైనా నోటి అలవాటు కొద్దీ "బాగుంది సార్" అన్నారో, ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "బాగుంటే పప్పుల కలుపుకోని తిను. నాకు నీ మెచ్చుకోలు వద్దు, నీకేం కనవడ్డదో గది చెప్పు" అంటాడు.

జగిత్యాలలోని ఆ డిగ్రీ కాలేజీకి ఆయన వారానికొకసారి సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చి ఫొటోగ్రఫీ చెబుతాడు. కెమెరా చేతికిస్తాడని ఎగబడి చేరిన పిల్లలు నెల దాటినా దాని మొహం చూడలేదు. చూడడం రానివాడు తీసి ఏం ఉద్ధరిస్తాడన్నది సార్ వాదన. సగం మంది మానేశారు. మిగిలిన సగంలో సృజన ఉంది.

ఆమె ఉండిపోవడానికి కళాభిమానం కారణమని చెబితే అబద్ధమే. ఆ గంట గడిస్తే కోరుట్ల బస్సు వేళవుతుంది. ఆ గంట ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియదు. మిగతా ఆడపిల్లలు గుంపులుగా మిర్చిబండి దగ్గరికి పోతారు. సృజనను పిలవరు. ఆమెంటే గిట్టక కాదు, ఆమె ఉన్నదన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. గిట్టకపోవడమే నయం, కనీసం తిట్టడానికైనా పేరు పెట్టి పిలుస్తారు.

ఒకరోజు సార్ సిరిసిల్లలోని ఒక మరమగ్గాల షెడ్డు ఫొటో చూపించాడు. మనుషులెవరూ లేరు, వరసగా మగ్గాలు, మేకుకు ఒక అంగీ. ఎవరికీ చెప్పడానికి ఏమీ దొరకలేదు. సృజన నోట్లో నోట్లోనే అంది. "టిఫిను మూత తీసి ఉన్నది సార్. పైన రేకుకు చిల్లువడ్డది, గా వెలుగు అన్నం మీదనే వడ్తున్నది. తినేటాయన నడిమిట్ల లేచిపోయిండు."

సార్ ఆమె వైపు తిరిగాడు. "నీ పేరేంది బిడ్డా?"

ఆ కాలేజీలో ఆమె పేరు అడిగిన మొదటి మనిషి ఆయన. ఆనాటి నుంచి బస్సు కిటికీలోంచి చూసే చూపు మారింది. ఎండ ఎటునుంచి పడుతోంది, నీడ ఎటు పోతోంది, ఫొటో తీస్తే అంచు బయట ఏం మిగిలిపోతుంది అని వెతుక్కుంటూ కూర్చునేది. తోడు లేని ప్రయాణానికి అది మంచి కాలక్షేపమైంది.

తర్వాత సార్ ఒక పని పెట్టాడు. "ఇంట్ల గోడకున్న ఫొటో ఒకటి తెండ్రి. రోజూ చూసేది. చూసినమని మీరు అనుకునేది."

సృజనకు వెతుక్కునే పని లేదు. వాళ్ల ఇంట్లో గోడకు ఉన్నదే ఒక్క ఫొటో.

ఆమె పాలు తాగే వయసు దాటకముందే తండ్రి వెంకటి మస్కట్ పోయాడు. కంపెనీ జీతాలు ఎగ్గొడితే పారిపోయి బయట పనిచేసుకున్నాడు. అట్లా కాగితాల్లేకుండా బతికేవాళ్లను ఈ ప్రాంతంలో ఖల్లివెల్లి అంటారు. ఖల్లివెల్లి అయినవాడికి పని దొరుకుతుంది కానీ ఇంటి దారి దొరకదు. చాలా ఏళ్ల తర్వాత అక్కడి సర్కారు మాఫీ ఇస్తే కాగితాలు సరిచేసుకొని రెండుసార్లు సెలవు మీద వచ్చాడు. వచ్చినవాడు కొత్తల్లుడిలా కుర్చీ అంచున కూర్చునేవాడు. ఒంటి నిండా అత్తరు వాసన. "మంచిగ సదువుతున్నవా బిడ్డా" అనేవాడు. "ఆ" అనేది సృజన. ఇద్దరూ నేల చూపులు చూసేవాళ్లు. తల మీద చెయ్యి వేయడానికి కూడా ఆయనకు మొహమాటం, దగ్గరికి పోవడానికి ఆమెకు సిగ్గు. అట్లాగే సెలవు అయిపోయేది.

అయినా సృజన పెద్దగా బాధపడలేదు. ఎందుకంటే ఆమెకు ఆ ఫొటో ఉంది. ఆరేళ్ల వయసులో, సద్దుల బతుకమ్మనాడు కోరుట్లలో కరుణాకర్ స్టూడియోలో దిగింది. పూలతోట పరదా ముందు పట్టుచీరలో అమ్మ కల్పన, స్టూలు మీద పట్టులంగాలో తను, వెనక నిలబడి తన భుజం మీద చెయ్యేసిన బాపు. ఆ చెయ్యి ఆమెకు బాగా గుర్తు. బరువుగా, వెచ్చగా, తంబాకు వాసన వేస్తూ. "కదలకు, ఎనుకకు చూడకు" అన్న స్టూడియో ఆయన మాట కూడా గుర్తు. బాపు ఎప్పుడొచ్చాడు, ఎప్పుడు పోయాడు అని ఆమె ఎవరినీ అడగలేదు. చిన్నప్పుడు ఆ ఆలోచన రాలేదు, పెద్దయ్యాక రానివ్వలేదు. బడిలో ఎవరి నాన్నో వచ్చి ఎవరినో ఎత్తుకున్నప్పుడు తన చెయ్యి తన భుజం మీదికి పోయేది. ఒక్కసారైనా నన్నూ ముట్టుకున్నాడు అనుకునేది. ఆ పిల్లకు తండ్రి అంటే అంతే ఆస్తి.

ఫోన్‌లో తీసి తెచ్చిన ఆ ఫొటో క్లాసులో గోడంత పెద్దగా పడింది. సృజన ముందుకొచ్చి నిలబడి, సార్ నేర్పినట్టే మొదలుపెట్టింది.

"వెలుగు ఎడమ దిక్కు నుంచి వచ్చింది సార్. అమ్మ నీడ పరదా మీద కుడి దిక్కు వడ్డది. నాది గూడ గట్లనే వడ్డది. బాపుది..."

బాపు నీడ ఎక్కడా లేదు. ముక్కు కింది నీడ నిట్టనిలువుగా పెదవి మీద పడింది. నడినెత్తి ఎండలో నిలబడ్డవాడిలా కళ్లు చికిలించి ఉన్నాడు. నాలుగు గోడల స్టూడియోలో నడినెత్తి ఎండ ఎక్కడినుంచి వస్తుంది? ఇన్నేళ్లూ రోజూ చూసిన మొహమే.

వెనక బెంచీ నుంచి సాయి అనే పిల్లవాడు నవ్వాడు. "గది పేస్టింగు సార్! మా ఇంట్ల గూడ ఉన్నది, మా బాపుది." "మా అక్క పెండ్లి ఫొటోల మా మామను గట్లనే అతికిచ్చిండ్రు" అని ఇంకొకరు. క్లాసంతా నవ్వు. ఎగతాళి కాదు పాపం, తమ ఇంటి ముచ్చట దొరికిన సంబరం. గల్ఫ్‌లో ఉన్నవాళ్లను కుటుంబం పక్కన అతికించి ఇవ్వడం కోరుట్ల స్టూడియోలకు పెళ్లి బేరం కంటే పెద్ద బేరం. అందరికీ తెలిసిన సంగతి సృజనకు ఒక్కతెకే తెలియదు.

సార్ నవ్వలేదు. "కూసో బిడ్డా. వచ్చే వారం చెప్పుదువు."

ఆమె కూర్చోలేదు. "సార్, మరి గీ చెయ్యి? దీని నీడ నా జాకెట్టు మీద కుడి దిక్కే వడ్డది. చెయ్యి అతికిచ్చింది గాదు. ఆడ ఎవలో నిలవడ్డరు."

"నేను చెప్తే అది నేను చూసినట్టయితది" అన్నాడు సార్ మెల్లగా. "ఫొటోనే అడుగు."

ఇంటికొచ్చేసరికి తల్లి గడపలో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చేస్తోంది. సృజన చెప్పులతోనే లోపలికి పోయి ఫొటో దించి, చున్నీతో అద్దం తుడిచి, వాకిట్లో వెలుతురులోకి తెచ్చింది. చొక్కా చెయ్యి మరీ పొడుగు, వేళ్ల కణుపుల దాకా జారింది. మణికట్టు దగ్గర గుండీ పెట్టక విచ్చుకున్న చోట ఆకుపచ్చ గీతలు. తేలు బొమ్మ తోక. పచ్చబొట్టు.

"అమ్మా, గీ చెయ్యి ఎవలిది?"

కల్పన తలెత్తలేదు. "బాపమ్మది."

"ఏ బాపమ్మ?"

"నీకు ఎంతమంది బాపమ్మలున్నరు? బుచ్చవ్వదే. నీకు ఎరుకే అనుకున్న గదనే."

అప్పుడు చెప్పింది, దారం చుట్టడం ఆపకుండానే. వెంకటి పంపిన ఫొటోలో మెడ దాకే ఉన్నాడట. కింద ఒక ఒళ్లు కావాలి, ఎవరైనా మగమనిషి నిలబడితే తల మార్చి ఇస్తానన్నాడట కరుణాకర్. స్టూడియోకు వచ్చిన ఎవరో ఒకాయన నేను నిలబడతా అన్నాడట. బుచ్చవ్వ ఊరుకుంటుందా?

"లేచిందే పో. 'నా కోడలు పక్కపొంటి వేరేటోడు నిలవడుడా? ముఖం నా కొడుకుదైనా పెయ్యి వానిదే గదరా' అని లొల్లి. ఆకరికి ఇంట్లకెల్లి మీ బాపు అంగీ తెప్పిచ్చి, చీర మీదికెల్లి తొడుక్కోని తనే నిలవడ్డది. నవ్వలేక సచ్చినం. ఫొటో దిగితే ఆయుష్షు తక్కువైతదని పింఛనుకు గూడ ఫొటో ఇయ్యని మనిషి. 'నా ముఖం వడది గద? వడకుంటే తియ్యి' అన్నది."

తల్లి నవ్వుతోంది. సృజనకు నవ్వు రాలేదు. ఏడుపు కూడా రాలేదు. ఎవరిమీదని కోప్పడాలి? ఎవరూ అబద్ధం చెప్పలేదు. బుచ్చవ్వ పోయి పదేళ్లు దాటింది. తంబాకు వాసన బాపమ్మది. ఇంట్లో రోజూ బీడీలు చేసిన చేతిది. అత్తరు వాసన వేసే బాపుకు ఆ వాసన ఎట్లా వస్తుందని ఒక్కనాడూ అనుమానం రాలేదే!

"మరి బాపు నన్ను ఎన్నడన్న ఎత్తుకున్నడా?"

కల్పన చేతులు అప్పుడు ఆగాయి. "ఎత్తుకున్నడు బిడ్డా. పొయ్యేనాడు బస్టాండుల. పురుటికి వోయి నేను మా అవ్వగారింట్లనే ఉంటి, నువ్వు కొత్త ముఖమని ఏడిస్తివి. మళ్ల నాకే ఇచ్చిండు."

ఆ ఏడ్చిన సంగతి మటుకు సృజనకు గుర్తు లేదు. గుర్తు ఉండాల్సింది లేక, ఉన్నది కాస్తా తనది కాక, ఆ పిల్ల ఫొటో తీసుకుపోయి మళ్లీ గోడకు తగిలించింది.

శుక్రవారం వెంకటికి సెలవు. మధ్యాహ్నం వంట చేసుకొని ఫోన్ చేస్తాడు. ఎప్పుడూ "తిన్నవా, సదువుతున్నవా" అయిపోగానే సృజన ఫోన్ తల్లికి ఇచ్చేస్తుంది. ఆ శుక్రవారం ఇవ్వలేదు.

"బాపూ, గోడకున్న ఫొటోల నువ్వు లేవట గదా."

అవతల కుక్కర్ ఈల వేసింది. ఎవరో హిందీలో ఏదో అరిచారు.

"లేను బిడ్డా."

"గది బాపమ్మ చెయ్యట."

"ఎరుకే."

"అమ్మ చెప్పిందా?"

"ఎవలు చెప్తరు? ఫొటో నాకు అందినంక చూస్తె నాకే తెల్సింది. అవ్వ చెయ్యి నాకు ఎరుక గాదా? గా తేలు తోకను పట్టుకోనే నేను చిన్నప్పుడు నిద్రవోయేటోన్ని." వెంకటి గొంతు సవరించుకున్నాడు. ఇంత పొడుగు మాట ఆయన కూతురితో ఎన్నడూ మాట్లాడలేదు. "అవ్వ పోయిననాడు నాకు కాగితాల్లేవు. రాకపోతి. ముఖం చూడకపోతి. రూముల అందరు వాళ్ల అవ్వ ఫొటోలు పెట్టుకుంటరు. నా అవ్వది గిదొక్కటే ఉన్నది."

సృజన ఇన్నేళ్లూ బాపు చెయ్యి అని చూసుకున్న చోటే బాపు తన తల్లిని చూసుకుంటున్నాడు. ఆ ఒక్క చేతిని ఇద్దరూ చెరో దేశంలో, చెరో పేరుతో పట్టుకుని వేలాడారు.

"నువ్వు ఫొటోల సదువు సదువుతున్నవని మీ అమ్మ చెప్పింది" అన్నాడు వెంకటి. "నాకొక్క పని చేసి పెడ్తవా బిడ్డా? గా చెయ్యి మటుకు కట్ చేసి పంపు. నాకు చెయ్యరాదు. పెద్దగ చేస్తె నా ముఖమే అడ్డమొస్తది."

"నువ్వు వద్దా?"

"నేనొద్దు."

ఆమె ఫోన్‌లో ఫొటో తెరిచి కత్తిరించడానికి కూర్చుంది. ముందు చేతిని ఒక్కదాన్నే ఉంచింది. అప్పుడది ఎవరి చెయ్యీ కాలేదు, గాల్లో తేలింది. చెయ్యికి ఆనుకోవడానికి ఒక భుజం కావాలి. అంచు కొంచెం ఇవతలికి జరిపింది. ఆరేళ్ల పిల్ల భుజం వచ్చింది, గడ్డం కొంచెం వచ్చింది. తల్లి పట్టుచీర పోయింది. తండ్రి మొహం పోయింది. పైన అంచు దగ్గర ఆమె వేలు ఆగింది. తర్వాత గట్టిగా నొక్కింది.

ఫొటో చేరింది. చూసినట్టు నీలిగుర్తు పడింది. జవాబు రాలేదు. వస్తుందని ఆమె ఆ సాయంత్రమంతా ఫోన్ చేతిలోనే పెట్టుకుంది.

తర్వాతి క్లాసులో సార్ పిలవకముందే లేచి ముందుకు పోయింది. గోడ మీద ఒక ముసలి చెయ్యి, ఒక చిన్న భుజం. ఈసారి సాయి కూడా నవ్వలేదు. వెలుగు ఎడమ నుంచి అని చెప్పింది. చెయ్యి తన బాపమ్మదని, ఆమెకు ఇంకే ఫొటో లేదని చెప్పింది. తంబాకు వాసన సంగతి చెప్పబోయి ఊరుకుంది, వాసన ఫొటోలో పడదు కదా.

సార్ ఎప్పుడూ అడిగేదే అడిగాడు. "అంచు బయట ఏమున్నది?"

"మా బాపు ఉన్నడు సార్" అని చెప్పి, సృజన వచ్చి తన బెంచీలో కూర్చుంది.