స్టిక్కరు కింది బొమ్మ

2022 వేసవి. సూళ్లూరుపేట బజారులో నేను కళ్లద్దాల షాపు పెట్టి అప్పటికి పద్నాలుగేళ్లు. చూపు పరీక్ష చేసి అద్దాలిచ్చే ఆప్టోమెట్రిస్టుని. ఎండలు ముదిరితే మా దగ్గర చలవ కళ్లద్దాలే ఎక్కువ పోతాయి. కొనేవాళ్లంతా చేసే పని ఒకటే. పెట్టుకుని అద్దంలో చూసుకుంటారు. తమ కళ్లు తమకు కనపడకపోతే సరుకు మంచిదని లెక్క. వాటిలోంచి రోడ్డెలా కనపడుతుందో చూడాలని ఒక్కరికీ తోచదు.

శీనయ్యా అంతే. పులికాట్ ఒడ్డున జాలర్ల ఊరు అతనిది. రోజూ సాయంత్రం మినీ వ్యాన్‌లో చేపల పెట్టెలు తెచ్చి రైలుకు ఎక్కించేవాడు. దారికి రెండు పక్కలా నీళ్లు, ఎదురుగా వాలుతున్న పొద్దు.

“నీళ్ల మీద ఎండ కళ్లల్లో పొడస్తా ఉండాదక్కా. మంచి అద్దాలియ్యి.”

గోధుమరంగు పోలరైజ్డ్ అద్దాలు తీశాను. నీళ్ల మీద, తారు మీద పడి తిరిగి కంట్లో కొట్టే మెరుపును అవి ఆపుతాయి. బండి తోలేవాళ్లు కొనాల్సినవి అవే. శీనయ్య పెట్టుకుని అద్దంలో చూసుకుని మొహం చిట్లించాడు.

“కళ్లు కనపడతానే ఉండాయి గదక్కా. ఇంకా నల్లటివి లేవా?”

ఉన్నాయి. చలవ అద్దాల నలుపును సున్నా నుంచి నాలుగు దాకా కేటగిరీలుగా లెక్కిస్తారు. నాలుగోది అన్నిటికన్నా నలుపు. పడవల్లో చేపల వేటకు పోయేవాళ్ల కోసం తెప్పించి పెట్టాను. వాటితో బండి నడపకూడదు. ఎండలోంచి నీడలోకి రాగానే ముందేముందో కనపడదు. చదువురాని వాళ్లకూ తెలియాలని కాడ లోపలివైపు చిన్న కారు బొమ్మ వేసి, దాని మీద అడ్డంగా గీత కొడతారు.

“అవి పడవ మీదికి శీనయ్యా” అన్నాను.

“నేను పడవలో పుట్టినోణ్ణే గదక్కా” అని నవ్వాడు.

రెండోసారి చెప్పాల్సింది. షాపులో జనం ఉన్నారు. నేనివ్వకపోతే స్టేషన్ బయట తోపుడు బండి దగ్గర ఇంకా నాసిరకం కొంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ నల్లవే ఇచ్చాను. ఎప్పటిలాగే షాపు పేరున్న స్టిక్కరు కాడ లోపల అతికించాను, సరిగ్గా ఆ బొమ్మ మీద. మా వైపు ఎవరూ ఆ స్టిక్కరు పీకరు. అది ఉన్నంతకాలం అద్దాలు కొత్తవే.

నెల తిరక్కముందే, ఎదురెండలోంచి సరుగుడు తోపు నీడలోకి వ్యాన్ దూరిన చోట, ఖాళీ గంపతో ఇంటికి నడిచిపోతున్న కోటమ్మను గుద్దాడు. ఊరూరా తిరిగి చేపలమ్ముకునే మనిషి. ప్రాణం దక్కింది గానీ, కుడికాలు మళ్లీ గంప మోసే కాలు కాలేదు.

ఆ ఊళ్లో పెద్దలు కూర్చుని వేసే కట్టుబాటును దురాయి అంటారు. దాన్ని దాటినవాడికి ఊళ్లో బతుకు లేదు. శీనయ్య పొగరుగా తోలి గుద్దాడని తేలితే వ్యాన్ తోలడం వదిలెయ్యాలి. తప్పు అద్దాలదైతే అతని చేత కోటమ్మకు వైద్యం చేయించి వదిలేస్తారు. అందుకే నన్ను పిలిపించారు.

పెద్దాయన ఆ అద్దాలు నా చేతికిచ్చాడు. “ఎస్తేరమ్మా, నువ్వు తెలిసినదానివి. వీటిల్లో ఏమన్నా దోషముండాదా?”

కాడ తిప్పి చూశాను. స్టిక్కరు అలాగే ఉంది. గోరుతో గీకితే చాలు. ఊరంతా నా నోటి వంకే చూస్తోంది. షాపు పేరు బజారున పడుతుందని భయమేసింది. నేను పిరికిదాన్ని.

“అద్దాలు మంచివే” అన్నాను. నిజమే, పడవ మీదికి మంచివే.

“నేను చెప్పలా? అక్క మంచివే ఇచ్చింది. నా కంటికే కనపడలా” అన్నాడు శీనయ్య తలొంచుకుని. నన్ను వెనకేసుకొచ్చాడు. అతన్ని ఇక బండి తోలనివ్వకూడదని ఆ పూటే దురాయి వేశారు.

ఏడాది తర్వాత షాపుకొచ్చాడు. వ్యాన్ అమ్మి ఆ డబ్బు కోటమ్మకిచ్చి, వేరేవాళ్ల పడవలో కూలికి పోతున్నాడట. నెత్తి మీద అవే అద్దాలు.

“నీళ్ల మీద ఎంత బాగుండాయో అక్కా ఇవి! స్టిక్కరే ఊడొస్తా ఉండాది. ఇంకోటి అంటించు.”

స్టిక్కరు ఒక అంచున లేచి, కింద బొమ్మ చక్రం కనపడుతోంది. కొత్త స్టిక్కరు తీసి దాని మీదే అంటించాను. అతను సంతోషంగా వెళ్లిపోయాడు.

బండి నడపడానికి ఎలాంటి అద్దాలు కొనాలని ఇప్పటికీ అడుగుతుంటారు. గోధుమరంగువి, పోలరైజ్డ్, కేటగిరీ మూడు దాటనివి. అద్దంలో మొహం చూసుకోవడం మాని, వాటిని పెట్టుకుని వీధిలోకొచ్చి చెట్టు నీడలోకి చూడండి. కాడ మీద స్టిక్కరుంటే అక్కడికక్కడే పీకి చూడండి. షాపువాళ్లు చెప్తారులే అనుకోకండి. నేను చెప్పలేదు.