పోర్టు మూసిన చెయ్యి

మా ఊరి బంగారు గనులు మూతపడిన కొన్నేళ్లకు మా చెల్లెలు బెంగళూరులో నెట్‌వర్క్ పనికి కుదిరింది. రోజూ బంగారుపేటలో రైలెక్కేది. మొదటి మూడు నెలలూ పనితనం చూస్తామన్నారు. అవి ముగిసే వారం రెండు కొత్త రౌటర్లు చేతికిచ్చి, ఇంట్లో సిద్ధం చేసి సోమవారం తెమ్మన్నారు. అవి మాట్లాడుకుంటే ఉద్యోగం ఖాయం. లేదంటే ఆమెకు రైలు పాసుతో పనిలేదు.

ఆదివారం ఒకదాన్ని భోజనాల బల్ల మీద, ఇంకోదాన్ని వంటింటి గూట్లో పెట్టి మధ్య తీగ లాగింది. పేపరుకు పంపాల్సిన వార్త పక్కన పెట్టి నేను చూస్తూ కూర్చున్నాను. తీగ తగిలించే ప్రతి పోర్టుకూ ఒక చిరునామా ఇవ్వాలట. ఆ తర్వాత ప్రతి రౌటరూ తనకు తెలిసిన దారులన్నీ పక్కదానికి చెబుతుందట.

"మన వీధిలో ఆడోళ్ల మాదిరి," అన్నాను.

"నీ పేపరు మాదిరి గాదులేన్నా. ఇవి నిజం చెప్తాయి."

మధ్యాహ్నమైనా అవి ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. చిరునామాలు మూడుసార్లు సరిచూసింది, తీగ మార్చింది. చివరికి, రెండు పోర్టులనూ అడ్మిన్, అంటే వాటిని నడిపే మనిషి, మూసి ఉంచినట్టు కంప్యూటరు తెర మీద కనిపించింది. ఈ పని నేర్చుకున్న క్లాసులో మాస్టరు అన్నీ ముందే తెరిచి ఉంచేవాడు కాబట్టి ఆ మాట ఆమెకు కొత్త. కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"తెరిచేది తెలీదా?" అన్నాను.

"తెలుసన్నా. ఎవురు మూసినారో తెలీకుండా ఎట్ల తెరిచేది?"

మా ఇంట్లో పెరిగినవాళ్లు అలాగే అంటారు. నాయన గనిలో ఎలక్ట్రీషియన్. అక్కడ స్విచ్చి ఆపినవాడు తన పేరు బిళ్ల దానికి తగిలించేవాడు. మళ్లీ వేయాల్సిందీ వాడే, అదీ "ఇస్తా ఉండా" అని కేకేసి జవాబు విన్నాకే. లోపల తీగ పట్టుకుని ఎవరుంటారో తెలియదు కదా. ఇంట్లో ఫ్యూజు పీకినా అదే చట్టం. ఒకసారి ఫ్యూజు పీకి బజారుకు పోయిన నాయన తిరిగొచ్చేదాకా, మేం ఫ్యాను లేకుండా విసనకర్రలతో కూర్చున్నాం.

నాయన అంతా విని, కళ్లద్దాలు పెట్టుకుని రౌటరు చుట్టూ చూశాడు.

"బిళ్ల యాడుండాది?"

"దీనికి బిళ్ల ఉండదు నాయనా."

"డబ్బా సీలు తీసిందెవురు?"

"నేనే."

"ఇంగేం మరి? కొత్త మోటారు ఆఫ్‌లోనే వస్తాది గదమ్మా. దీనిమీద ఇంగా యా మనిషి చెయ్యీ పళ్లేదు. నువ్వే ఆపరేటరు."

చెల్లెలికి నవ్వొచ్చింది. అయినా వెంటనే నొక్కలేదు. నాయన వంటింట్లోకి పోయి రెండో రౌటరు దగ్గర నిలబడేదాకా ఆగింది.

"ఇస్తా ఉండా నాయనా!"

"ఎవురూ లేరు! ఇచ్చేయ్!"

రెండు పోర్టులూ తెరిచింది. కాసేపటికి ఒక రౌటరుకు రెండోదాని ఆచూకీ తెలిసినట్టు తెర మీద కనిపించింది. "పచ్చలైటు వచ్చె!" అని వంటింట్లోంచి నాయన కేక.

సోమవారం ఆ రెంటినీ చీరల్లో చుట్టి సంచిలో పెట్టుకుని రైలెక్కింది. పాసు ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది. ఇప్పటికీ ఏ పోర్టు తెరవాలన్నా అవతలి మనిషికి ఫోన్ చేసి "ఇస్తా ఉండా" అంటుంది. జవాబు వచ్చేదాకా నొక్కదు. ఆమె కింద పనిచేసేవాళ్లు నవ్వుకుంటారట. నవ్వుకుంటూనే వాళ్లూ ఫోన్ చేస్తారట.