తిత్తి పీక, అత్త ఎంగిలి

మా అత్తవారి ఊరు నాకు మొదటిరోజే నచ్చలేదు. నెల్లిమర్లలో జూట్ మిల్లు కూత వింటూ పెరిగినదాన్ని, అయిదో క్లాసు దాకా చదివినదాన్ని. శ్రీముఖలింగం దాటాక వంశధార ఒడ్డున ఎక్కడో విసిరేసినట్టున్న ఆ ఊళ్ళో గడియారం అన్నది ఒక్క ఇంట్లోనూ లేదు. అడిగితే, పొద్దు కనిపిస్తున్నాది కదా, గడియారం ఏటికి అన్నారు. అవి యుద్ధం రోజులు. కిరసనాయిలూ దొరకదు, కట్టుకోను బట్టా దొరకదు. అయినా ఆ ఊరివాళ్ళ గొప్పలకి మాత్రం కరువు లేదు.

గొప్పలంటే ముందు మా మామని చెప్పాలి. ఆయన సన్నాయి ఊదేవాడు. ఊళ్ళో రాములవారి గుడికి మేళం తాతలనాటినుంచి మాదే. ఎవరైనా మెచ్చుకుందామని నోరు తెరిచేలోగా తనని తానే మెచ్చేసుకునేవాడు, పక్కవాళ్ళకి ఏమీ మిగిల్చేవాడు కాదు. మా ఆయన తిత్తి ఊదేవాడు. తిత్తి అంటే మరేం లేదు, మేకతోలు సంచి. దానికి రెండు గొట్టాలు బిగించి ఉంటాయి. ఒకదాంట్లోంచి గాలి ఊది, సంచిని చంకలో పెట్టి నొక్కితే రెండోదాంట్లోంచి ఒకటే స్వరం, ఆగకుండా, సన్నాయి కింద పరుపులా పరుచుకుని ఉంటుంది. మా ఆయన గాలంతా ఆ సంచిలోకే పోయేది. ఇంటికొచ్చాక పెళ్ళాంతో మాట్లాడడానికి మిగిలేది కాదు.

ఆ పలికే గొట్టం మొదట్లో, లోపల, వేలెడంత పుల్ల ఒకటి ఉంటుంది. దాన్నే పీక అంటారు. అది లేకపోతే తిత్తి ఉత్త తోలు. ఆ పీకల్ని చేసేది మా అత్త.

మా అత్తని చూస్తేనే నాకు రోత. అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పెదాలు బిగించి, పొద్దస్తమానం అలాగే పని చేసేది. ఏదైనా చెప్పాలంటే చుట్ట తియ్యకుండానే గొణిగేది. తీస్తే ఉమ్మేది. చుట్ట లేనప్పుడు నోట్లో పీక ఉండేది. ఏటి ఒడ్డునుంచి కిక్కిస అనే బోలు రెల్లు పుల్లలు కోసుకొచ్చి, పొయ్యి మీద అటకలో పొగకి ఆరబెట్టేది. ఆరినవాటిని ముక్కలు కోసి, కణుపు దగ్గర మూసి ఉంచి, పైన చాకుమొనతో సన్నగా నాలుకలా చీల్చేది. ఆ నాలుక మొదట్లో దారం చుట్టేది. తరవాత నోట్లో పెట్టుకుని ఊదేది. స్వరం పైకి పోతే నాలుక కొసన ఆవగింజంత తేనెమైనం అంటించేది. నాలుక అతుక్కుపోతూ ఉంటే తలలోంచి ఒక వెంట్రుక పీకి దాని కింద దోపేది. మళ్ళీ నోట్లో. మళ్ళీ ఊదడం. పదింటికి తొమ్మిది పొయ్యిలోకి పోయేవి. తడిసిన ఆ పీకల్ని పీట మీద వరసగా పెడితే నేను ఆ పీట తొక్కేదాన్ని కాదు. ఆమె తాగిన చెంబుతో నీళ్ళు తాగలేదు. నా అన్నం నేనే ముందు పెట్టుకుని పక్కకి జరిగేదాన్ని. ఆమెకి తెలుసు.

ఒకసారి నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆమె వెనకాల కూర్చుని పీక ఊదుతోంది. మిల్లు కూత రోజూ ఒకే స్వరం మీద వినీ వినీ నా చెవికి ఒక పాడలవాటు, స్వరం కాస్త జరిగితే పన్ను మీద ఇసక పడ్డట్టు ఉండేది. "కొంచెం ఎక్కువైంది" అన్నాను, ఎవరితో అంటున్నానో చూసుకోకుండా. ఆమె ఊదడం ఆపి నా వీపు వైపు చూసిందని నాకు తెలుస్తూనే ఉంది. ఆ తరవాత మైనం అంటించింది. అప్పుడు సరిపోయింది.

ఇంత చేసేది ఆమె అయితే, వీధి అరుగు మీద చాకు పట్టుకుని పుల్ల చెక్కుతున్నట్టు కూర్చునేది మా మామ. సొమ్మొకడిది సోకొకడిది. దారినపోయేవాళ్ళకి పీక మహత్యం చెప్పేవాడు. ఆ చాకుతో ఆయన కోసింది ఏమైనా ఉంటే తన కాలిగోళ్ళు మాత్రమే.

ఆ ఏడు ఫాల్గుణం చివర గుడి ధర్మకర్త మా అరుగు దగ్గర ఆగాడు. ఆయన బెల్లం, చింతపండు టోకున అమ్మే షావుకారు. విజయనగరంనుంచి శ్రుతిపెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. సంగీతం గురించి ఆయనకి తెలిసిందల్లా పెట్టె కొన్నానన్న సంగతే.

"ఒరే, రాముడి పెళ్ళికి ఈ మేకతోలేటిరా, ఈ ఎంగిలి పీకలేటిరా?" అన్నాడు. "శ్రుతిపెట్టి తెచ్చినాను. సేత్తో ఊపితే సాలు, నోటితో పనే నేదు."

మా మామకి ఎక్కడో కాలింది. లేచి నిలబడి, "ఎంగిలేటి బాబూ! మా ఇంట తానం సేసి, బొట్టెట్టుకుని, పీక నా సేతుల్తో నేనే కోస్తాను. ఆడోళ్ళ సెయ్యి కూడా తగల్నివ్వను" అన్నాడు.

అప్పుడే మా అత్త ఆయనకి చోడి అంబలి ముంత పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నేను ఆమె వెనక ఉన్నాను. ఆమె ముంత అరుగు మీద పెట్టింది. నోట్లో చుట్ట కదల్లేదు.

"సరేరా," అన్నాడు షావుకారు. "నవమినాడు పందిట్లో రెండూ విందాం. నీ తిత్తి పలికితే గుళ్ళో మేళం నీదే. పలక్కపోతే పెట్టికి తగ్గ మేళం పట్నంనుంచి తెప్పిస్తాను."

ఆయన వెళ్ళాక మా అత్త లోపలికి పోయి చాకూ, మైనం ముద్దా, దారం ఉండా తెచ్చి మామ ముందు పెట్టింది.

"ఏటిది?" అన్నాడు.

"ఆడోళ్ళ సెయ్యి తగలకూడదు గదా" అంది, చుట్ట తీసి మరీ.

తిత్తిలో ఉన్న పీక చైత్రం ఎండకి మూడోరోజే చీలింది. ఇక చూడాలి మా మామ అవస్థ! స్నానం నిజంగానే చేశాడు, బొట్టు నిజంగానే పెట్టాడు. కోసిన మొదటి పీకకి నాలుక ఎంత మందంగా చీల్చాడంటే, మా ఆయన బుగ్గలు పగిలేలా ఊదినా అది కిక్కురుమనలేదు. రెండోది మరీ పల్చన, ఊదగానే అతుక్కుపోయింది. మూడోది మేకపిల్లలా అరిచింది. మైనం బాగోలేదన్నాడు. కిక్కిస ముదరలేదన్నాడు. చివరికి తోలు పాతదైపోయిందన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అని ఊరికే అన్నారా! నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. మేళం పోతే తినేదేమిటన్న భయం ఉన్నా నవ్వాగలేదు. మా అత్త నవ్వలేదు. ఆ రోజుల్లోనే ఆమెకి కదులుతున్న ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయి. వాటిని ఇంటి కప్పు మీదికి విసిరేసి మళ్ళీ చుట్ట పెట్టుకుంది.

నవమి పొద్దున్న పందిట్లో ఊరంతా ఉంది. షావుకారు పెట్టెని పసుపు గుడ్డ మీద పెట్టి, తనే తలుపులా దాని రెక్క ఊపాడు. మా మామ సన్నాయి ఎత్తాడు. కలవలేదు. పెట్టెలో ఒక మెట్టు నొక్కితే సన్నాయి కిందికి ఉంది, పక్క మెట్టు నొక్కితే పైకి ఉంది. మా సన్నాయి స్వరం సరిగ్గా రెండింటి మధ్య పడింది. ఆ మధ్యకి పెట్టెలో దారి లేదు.

"పెట్టి శ్రుతి ఏల తప్పుతాదిరా, నీ సన్నాయే తప్పింది" అన్నాడు షావుకారు. "ఏదీ, నీ తిత్తి ఊదించు."

మా ఆయన ఊదాడు. మేకపిల్ల. పందిరంతా ఘొల్లుమంది. పిల్లలు "మే... మే..." అన్నారు. పంతులుగారు ముహూర్తం దగ్గరపడుతోందని కేక పెట్టారు. మామ సన్నాయి దించి, ఇటూ అటూ చూసి, ఆడవాళ్ళు కూర్చున్నవైపు నాలుగడుగులు వేశాడు.

"ఒసే, ఒకపాలి ఇలా రాయే" అన్నాడు, గొంతు ఎవరికీ వినపడకూడదన్నట్టు.

ఆమె లేవలేదు. "గట్టిగా అను. ఇనబడ్నేదు" అంది.

ఆయన మొహం చూడాలి. అప్పుడు వెనకనుంచి మా ఆయన, ఏడాదికి పది మాటలు మాట్లాడని మనిషి, తిత్తి చంకలోంచి తీసి, "మా అమ్మే. ఇన్నేళ్ళూ పీకలు కోసింది మా అమ్మే. అమ్మా, రా" అన్నాడు. నేను ఆయన మొహంకేసి మొదటిసారి సరిగ్గా చూశాను.

మా అత్త లేచింది. రొంటిలోంచి పీక తీసింది. మాకెవరికీ తెలియకుండా ఎప్పుడు కోసిందో. చుట్ట పక్కన పడేసి, పీక నోట్లో పెట్టి తడిపి ఊదింది. ఊడిన పళ్ళ సందులోంచి గాలి బుస్సున పోయింది. మళ్ళీ ఊదింది. మళ్ళీ బుస్సే. ఎవరో కిసుక్కున నవ్వారు. ముప్ఫై ఏళ్ళు చేసిన పని ఊరి ముందర ఒక్కసారి చూపించే రోజు వస్తే, నోరు కలిసిరాలేదు.

"ఒలే అమ్మీ," అని పిలిచింది నన్ను. "నా ఎంట్రుకలు నెరిసి పలచబడిపోనాయి, ఆగవు. నీదొకటి ఇయ్యి."

ఇచ్చాను. నాలుక కింద దోపింది. ఆ పీకని, తన నోటి తడి ఆరకుండానే, నా ముందుకి చాచింది.

"ఊదు. నీ సెవి సంగతి నాకు తెలుసు."

షావుకారు "ఛీ ఛీ" అనడం వినిపించింది. అబద్ధమెందుకు, నా నాలిక చివరా అదే మాట ఉంది. కానీ ఎదురుగా ఉన్న ఆ మనిషి నన్ను బతిమాలుకోవడం లేదు. నేను ఆమె చెంబు ముట్టని ప్రతి పూటా తెలిసే, చెయ్యి చాచి నిలబడింది. ఓలమ్మో, నాకెంత సిగ్గేసిందో!

నోట్లో పెట్టుకున్నాను. పొగాకు, తేనెమైనం, పొయ్యి పొగ. ఊదాను. కొంచెం ఎక్కువగా ఉంది. చెప్పాను. గోటితో మైనం అంటించింది. మళ్ళీ ఊదాను. ఇంకా వెంట్రుకవాసి ఎక్కువ. మళ్ళీ అంటించింది. మూడోసారి ఊదితే సరిపోయింది. మా ఆయన పీక గొట్టంలో పెట్టి తిత్తి నొక్కాడు. మామ సన్నాయి అందుకున్నాడు. పెట్టెకి దొరకని ఆ మధ్యలో రెండూ కలిసిపోయాయి. పంతులుగారు మంగళసూత్రం పైకెత్తారు. షావుకారు తలంబ్రాలు చల్లడానికి పోయాడు.

గుడి మేళం మాకే నిలిచింది. కల్యాణం అయ్యాక కండువా ఎప్పటిలాగే మామకే కప్పారు. బట్ట దొరకని రోజుల్లో కొత్త కండువా. ఆయన ఎప్పటిలాగే కప్పించుకుని ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని, దారినపోయే ఒకడితో, "పీక కొద్దిగా మొరాయించింది గానీ..." అని మొదలుపెట్టాడు. ఆ మనిషికి సిగ్గు ఏ జన్మకి వస్తుందో అనుకున్నాను.

అయితే కొన్నాళ్ళకి వైశాఖంలో ఒక పెళ్ళికి మేళం కుదిరినప్పుడు, ఆయనే లోపలికొచ్చి చాకూ మైనం మా అత్త ముందు పెట్టాడు. ఆమె చుట్ట తియ్యకుండా వాటిని నా వైపు జరిపింది.

"ఇంక దాన్నడుగు" అంది.

ఆయన నా వైపు తిరిగి, నేలచూపులు చూస్తూ, "అమ్మీ, పీకొకటి కొయ్యాలే" అన్నాడు.

"కోస్తాను మావా. పెళ్ళోరు అడిగితే ఎవరు కోశారని చెబుతావు?"

కండువా అంచు నలిపాడు. "సరేలేవే, నీ పేరే సెప్తాను."

"నా పేరొద్దు," అన్నాను. "ఆమె పేరు చెప్పు."

అత్త చుట్ట తీసి చెంబుతో నీళ్ళు పుక్కిలించింది. ఆ చెంబు ఇటివ్వమని చెయ్యి చాచాను.