నా చేతికి నాయనమ్మ పథ్యం

చెరుకురసం బండి దగ్గర అల్లం, నిమ్మకాయ కలిసి వచ్చే ఆ పచ్చి వాసనకి రాజమండ్రి ఎండలో నడిచే ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం కుడిచెయ్యి దానంతటదే కొంగులోకి దూరిపోతుంది. మా ఆయన ప్రతిసారీ నవ్వుతాడు. నవ్వనీ, గానుగలో పడింది ఆయన చెయ్యి కాదుగా.

మాది మండపేట దగ్గర పల్లె. నా చిన్నప్పుడు మాఘమాసం వచ్చిందంటే చేలగట్టున బెల్లం వంట మొదలయ్యేది. ఒకవైపు డీజిలింజను దడదడలాడుతూ గానుగ తిప్పుతుంటే, ఇంకోవైపు పెద్ద పెనంలో రసం పచ్చటి నురగతో పొంగుతుంటే, పిల్లలమంతా ఎండు పిప్పి మోపుల మీంచి దూకి, పుల్లకి గుచ్చిన కొబ్బరిముక్క పాకంలో ముంచుకుని, నోరు కాలుతున్నా ఊదుకుంటూ తినేవాళ్ళం. గానుగ జోలికి పోవద్దని పెద్దవాళ్ళు అరుస్తూనే ఉండేవాళ్ళు. చెప్పిన మాట వింటే పిల్లలమెందుకవుతాం? తొమ్మిదేళ్ళదాన్ని, ఒక్క గడ నా చేత్తో పెడదామని వెళ్ళాను. గడతోపాటు పొడుగుచేతుల జాకెట్టు అంచు, దాంతోపాటు చెయ్యి లోపలికి పోయాయి. నాన్న ఇంజను ఆపి, రోలర్లు చేత్తో వెనక్కి తిప్పి తీసేసరికి వేళ్ళన్నీ ఉన్నాయిగానీ, చేతి వెనక తోలు, కండ లేచిపోయి లోపలి తెల్లటి నరాలు కనిపిస్తున్నాయి.

మా నాయనమ్మ ఇంట్లో ఉన్న పసుపు, సున్నం, కాఫీపొడి మొత్తం దానిమీద కుక్కి గుడ్డ చుట్టేసింది. రాజమండ్రి ఆసుపత్రిలో దాన్ని కడిగేసరికే డాక్టరుగారికి చెమటలు పట్టాయి. ఎముకలు బాగానే ఉన్నాయట, నరాల మీద కప్పడానికే ఏమీ మిగల్లేదట, అలాగే ఎండిపోతే వేళ్ళు ఇక ముడుచుకోవట. అందుకని పొత్తికడుపు పక్కన చర్మం మూడువైపులా కోసి, నాలుగోవైపు ఒంటికే వదిలేసి, దానికింద నా చెయ్యి పెట్టి కుట్టేస్తామన్నారు. చేతి రక్తం ఆ చర్మంలోకి పారడం మొదలయ్యాక కడుపు నుంచి విడదీస్తారు. మా నాన్నకి వెంటనే అర్థమైంది.

"కడియం నర్సరీల్లో మావిడంటు కట్టినట్టన్నమాటండి," అన్నాడు.

"అదేనండి. అంటుకుంటే చెయ్యి దక్కుతుంది," అన్నారు డాక్టరుగారు.

అలా నా కుడిచెయ్యి నా కడుపుకే కుట్టుకుపోయింది. పక్కకి తిరగడానికి లేదు, తుమ్మాలన్నా భయం, స్పిరిట్ వాసన, ఫ్యాను కింద కూడా ఆరని చెమట. తమ్ముడు చంటివాడు కావడంతో అమ్మ ఊళ్ళోనే ఉండిపోయింది, నా దగ్గర నాయనమ్మ కూర్చుంది. ఆవిడ కూర్చుందంటే పథ్యం కూడా వచ్చి కూర్చున్నట్టే. పప్పు తింటే పుండు చీము పడుతుందని మావైపు ఎవర్నడిగినా చెబుతారు. నాయనమ్మకైతే అది చెప్పుడు మాట కూడా కాదు, వాళ్ళ అన్నయ్య కాలిపుండుతో పెళ్ళివిందులో ముద్దపప్పు తిని, ఆ కాలే పోగొట్టుకోవడం ఆవిడ కళ్ళారా చూసింది. అందుకని నాకు పూటపూటా పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, బీరకాయ. పక్క మంచం వాళ్ళ క్యారేజీ మూత తీస్తే ఇంగువ పోపు వాసనకి నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు డాక్టరుగారు కట్టు విప్పారు. కుట్లు పట్టుకోవడం లేదు, ఒక మూల చర్మం నల్లబడింది. నేను ఆయన మొహం చూస్తున్నాను, నాయనమ్మ నా మొహం చూస్తోంది.

"పిల్లకి ఏం పెడుతున్నారు మామ్మగారూ?"

"పప్పు వాసన కూడా తగలనివ్వలేదండి. గుడ్డు, చేప ఊసే లేదు," అంది నాయనమ్మ గర్వంగా.

ఆయన కేకలేస్తారనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుని, ఒంట్లో సత్తువ లేకపోతే కుట్టు మానదని, రోజూ పప్పూ గుడ్డూ పెట్టమని, ఆ నలుపు ఇంకా పాకితే కుట్టిన చర్మం మొత్తం తీసెయ్యాల్సి వస్తుందని నెమ్మదిగా చెప్పి వెళ్ళారు.

మర్నాడు మధ్యాహ్నం ఎదురు మెస్సు నుంచి ముద్దపప్పు, ఉడికించిన గుడ్డు తెచ్చింది. అన్నంలో కలిపింది. నాకు విషం పెడుతున్నానని ఆవిడ మనసారా నమ్ముతోంది, కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి, అయినా ముద్ద నోటిదాకా తెచ్చింది. అన్నాళ్ళూ కలవరించిన పప్పన్నం నేనూ భయంభయంగానే మింగాను. ముద్ద ముద్దకీ ఇద్దరం కట్టు వైపే చూశాం. నాకు పెట్టడం అయ్యాక ఆవిడ ఉత్తి వెల్లుల్లి కారం కలుపుకుంది. పప్పు ఇంకా ఉంది కదా, తినవేం అనడిగాను.

"ఎవరో ఒకరు పథ్యం చెయ్యాలి కదే. నువ్వు తిను తల్లీ, నీ పథ్యం నేను చేస్తాను."

నలుపు ఆగింది. చచ్చిన ముక్క కాస్త కత్తిరించారు, మిగతాది పట్టుకుంది, చెయ్యి కడుపు నుంచి విడిపోయింది. తిండివల్లే మానిందన్నారు డాక్టరుగారు. నాయనమ్మ ఆయన మాట కాదనలేదుగానీ, తన పథ్యమూ మానలేదు. అమ్మ ఎంత బతిమాలినా కంచంలో పప్పు వెయ్యనివ్వలేదు. బిగుసుకున్న వేళ్ళని గోరువెచ్చటి నీళ్ళలో వంచీ వంచీ, నొప్పికి నేను అరిచీ అరిచీ, వానాకాలం వెళ్ళాకగానీ ఆ వేళ్ళు ముద్ద చుట్టూ ముడుచుకోలేదు. ఆరోజు నా చేత్తో కలిపిన పప్పన్నం మొదటి ముద్ద ఆవిడ నోట్లో పెట్టాను. నమిలి, కళ్ళు తుడుచుకుని, ఉప్పు తక్కువైందంది.

ఇప్పుడు మా చెరుకుతోటలన్నీ చేపల చెరువులయ్యాయి. నాయనమ్మ పోయి చాలాకాలమైంది. చేతిమీద ఉన్నది పొట్ట చర్మమే కాబట్టి, నేను లావెక్కితే అదీ ఉబ్బుతుంది, నాకు వేరే తూకం మిషను అక్కర్లేదు. నిరుడు పిత్తాశయం ఆపరేషనయితే డైటు చార్టు ఇచ్చారు, ఊరూవాడా ఫోన్లు చేసి ఏం తింటున్నావని అడిగారు. నేను తినాల్సినవన్నీ తిన్నాను. నాకోసం ఎవరూ ఏదీ తినడం మానలేదు.