క్రేన్ నిపుణుడి పేరులో మొదటి హల్లు

మా పోర్టు బెర్తులో పాడైన క్రేన్ బాగుచేయడానికి దక్షిణాఫ్రికా నుంచి ఒక నిపుణుడు వచ్చి నెల రోజులు ఉన్నాడు. ఆయన పేరులో మొదటి హల్లు మన వర్ణమాలలో లేదు. నాలుకను పైకి అంటించి ఒక పక్కన చటుక్కున వదిలితే వచ్చే చప్పుడది. మనకు 'క' ఎంత మామూలో వాళ్లకు అది అంత మామూలు. మేమంతా దాన్ని వదిలేసి మిగతా పేరుతోనే పిలిచేవాళ్లం. ఇల్లు వదిలాక తన పేరు పూర్తిగా వినలేదని ఆయన ఒకరోజు టీ దగ్గర అన్నాడు. వీడ్కోలు సభలో నేను పిలుస్తానని మాటిచ్చాను. మా సీనియర్ ఇంజనీరు పక్కనే ఉన్నాడు కాబట్టి వెనక్కి తగ్గే వీల్లేకపోయింది.

కాగితం మీద నాలుగు మెట్లు రాసుకున్నాను. నాలుక కొన పైపళ్ల వెనుక ఆనించాలి. గాలి లోపలికి పీల్చి పట్టాలి. ఒక పక్క మాత్రమే వదలాలి. ఆగకుండా అచ్చులోకి వెళ్లాలి. మొదటి మూడూ వారంలో వచ్చేశాయి. సాధన బాత్‌రూంలో. మా అమ్మ రెండు రోజులు విని, లవంగ నూనె సీసా తలుపు దగ్గర పెట్టింది.

సభలో మైకు ముందు నిలబడ్డాను. చప్పుడు చక్కగా వచ్చింది. తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత పేరు. ఇంజను ఒకచోట, పెట్టెలు ఒకచోట. రెండోసారి ముందు పేరు వచ్చింది, తర్వాత చప్పుడు. సీనియర్ ఇంజనీరు తన సమోసాను పరిశీలించసాగాడు.

వెనక కుర్చీల్లోంచి మా ఖలాసి లేచాడు. క్రేన్ కొక్కేలకు సరుకు కట్టే పెద్దాయన. ఊరు ఆనందపురం పక్కన, సెలవు రోజుల్లో ఇప్పటికీ ఎడ్లబండి తోలతాడు.

"మద్దిన గేప్ ఇత్తన్నారు బాబూ," అన్నాడు. "ఎద్దు అంతసేపు ఆగదు."

అని, బండి మీద కూర్చున్నంత తేలిగ్గా ఆ పేరు మొత్తం పలికాడు.

నిపుణుడు కప్పు కింద పెట్టి అతని దగ్గరికి నడిచాడు. మళ్లీ అనమన్నాడు. మూడోసారి కూడా అనిపించుకున్నాడు. ఎక్కడ నేర్చుకున్నాడో కనుక్కోమని నాకు చెప్పాడు. ఎద్దును అదిలించే చప్పుడని చెప్పాలా వద్దా అనుకున్నాను. కానీ కత్తిరించి అనువదించడం నాకు చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన సంబరంగా ఆ ఎద్దు పేరు అడిగాడు. పలకబోయి మధ్యలో 'ళ' దగ్గర చిక్కుకుపోయాడు. ఖలాసి ఓపిగ్గా నాలుగుసార్లు నేర్పి, నా వైపు తిరిగాడు.

"పర్నేదు. మీకంటే నయం."