రాళ్లవాన పిల్ల

మొన్న చైత్రంలో రాళ్లవాన పడినప్పుడు, కాగిన మట్టి మీద వడగళ్లు కరుగుతున్న వాసన కిటికీలోంచి రాగానే, నారాయణఖేడ్‌లో మా గల్లీ, ఆ గల్లీ చివర శివమ్మ అవ్వ ఇల్లు గుర్తొచ్చాయి.

శివమ్మ అవ్వ, బసప్ప తాత ఇంట్లో కన్నడం, మాతో తెలుగు మాట్లాడేవాళ్లు. తాతకు బజారులో బట్టల దుకాణం. వాళ్లకు పిల్లలు లేరు. గల్లీలో ఇంకెవరికీ లేని టీవీ మాత్రం ఉండేది. ఆదివారం పొద్దున తలకు పోసుకుని, ఆరని జుట్టుతోనే, జేబుల్లో వేయించిన శనగలు నింపుకుని, పిల్లలమంతా వాళ్లింటి నేల బండల మీద ఒకరి ఒళ్లో ఒకరం కూర్చునేవాళ్లం. కాళ్లు కడుక్కోనిదే తాత గడప దాటనిచ్చేవాడు కాదు.

అప్పట్లో టీవీలో అప్పుడప్పుడు రష్యా బొమ్మల సినిమాలు వచ్చేవి. కోడికాళ్ల మీద నిలబడ్డ గుడిసెలు, పొయ్యి మీద పడుకుని ఊరేగే సోమరులు, మాట్లాడే తోడేళ్లు. భాష ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు కాబట్టి ఎవరికి తోచిన మాటలు వాళ్లం పెట్టుకునేవాళ్లం. తోడేలు ఎప్పుడూ కంగ్టి ఊళ్లో ఉండే మా మేనమామ యాసలోనే మాట్లాడేది.

ఒక ఆదివారం వచ్చిన కథలో, పిల్లల్లేని ముసలి జంట మంచుతో ఒక పిల్లను చేసుకుంటారు. ఆ పిల్లకు ప్రాణమొచ్చి ఇల్లంతా తిరుగుతుంది. ఎండాకాలం రాగానే ఆవిరై మబ్బుల్లో కలిసిపోతుంది. రొట్టెలు కొడుతున్న అవ్వ పిండి చేతులతోనే వచ్చి నిలబడి చివరిదాకా చూసింది. పెనం మీద రొట్టె మాడిపోయింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం రాళ్లవాన పడింది. మామిడి పిందెలు రాలాయని పెద్దలు తలలు పట్టుకుంటే, మంచు అంటే ఇదే అనుకున్న మేము తట్టలు, జల్లెడలు, సత్తు గిన్నెలు పట్టుకుని పరుగెత్తాం. అవ్వ వాళ్ల వాకిట్లో గోనెసంచి పరిచి, వడగళ్లు కుప్పపోసి, అదిమి, చింతగింజల కళ్లు, ఎర్ర మిరపకాయ నోరు పెట్టి, మా చెల్లె రుక్కు గౌను తొడిగి పిల్లను నిలబెట్టాం. ఆరేళ్ల రుక్కు లోపలికి ఉరికి, "అవ్వా, నీకు బిడ్డొచ్చింది, బైటికి రా" అంది.

అరుగు మీదున్న మా అమ్మ ముఖం పాలిపోయింది. పిల్లలు లేని మనిషితో అనే మాటేనా అది? అమ్మ లేచి చెల్లె రెక్క పట్టుకునేలోపే అవ్వ బయటికొచ్చింది. వంగి ఆ చల్లటి చెంప తాకి, కన్నడంలో "మగళే" అంది మెల్లగా, కూతురా అని. తర్వాత మా వైపు తిరిగి కసిరింది.

"ఏందిరా గిది, పిల్లను ఎండల నిలవెట్టిన్రు? జల్ది నీడకు తీస్కరాండ్రి."

ఎప్పుడూ నవ్వని బసప్ప తాత దుకాణం నుంచి వచ్చి చూసి, దానికి కాళ్లు కడిగించారా అని అడిగాడు.

పొద్దు వాలేసరికి గౌను, మిరపకాయ, చింతగింజలు మిగిలాయి. వెక్కి వెక్కి ఏడుస్తున్న రుక్కును అవ్వ ఒళ్లోకి లాక్కుంది. "పోనీ తియ్యి. అది రొట్టె తింటదా? నువ్వైతే తింటవు గద" అంటూ వేడి జొన్నరొట్టె మీద వెన్న, బెల్లం పెట్టి తినిపించింది. ఆనాటి నుంచి రుక్కును మగళే అనే పిలిచింది. రుక్కు పెళ్లయ్యాక, తల్లి కూతురి ఒడిలో పోసే మొదటి ఒడిబియ్యం మా అమ్మ పట్టుబట్టి అవ్వ చేతనే పోయించింది.

ఇప్పుడు అవ్వా లేదు, తాతా లేడు. ఆ ఇంటి చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అలాంటి బొమ్మల సినిమాలు ఇప్పుడు ఫోనులో ఎన్నైనా దొరుకుతాయి, మాటల అర్థం కూడా కింద రాసి ఉంటుంది. నిన్న మా వాడికి ఒకటి పెట్టిచ్చాను. వాడు చెవుల్లో వైర్లు పెట్టుకుని, మూలకు తిరిగి, పడీపడీ నవ్వాడు. పక్కనే కూర్చున్నా, దేనికి నవ్వుతున్నాడో నాకు వినిపించలేదు.